ఏటి ఒడ్డు కార్యదర్శులు



ముదిగొండ పేరు చెప్పగానే ఎక్కువమందికి 2007 జులై 28 నాటి పోలీసు కాల్పులు గుర్తుకు వస్తాయి. భూమి అడిగిన జనం మీద తూటాలు పేలిన రోజు అది. ఆ గాయం ఇంకా మానలేదు. అయితే ఈ ఊరి పేరు అంతకు వెయ్యేళ్ల ముందే చరిత్రలోకి ఎక్కింది. ఆ సంగతి నాకు ఎవరివల్ల తెలిసిందో, వారు ఆ పనిని ఎట్లా నడిపారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చాలా ఏళ్ల కిందటి మాట. తొమ్మిదో తరగతిలో నన్నయభట్టారకుని గురించి చెబుతూ, రాజమహేంద్రవరాన్ని, గోదావరిని, రాజరాజనరేంద్రుని కొలువును కొంచెం ఎక్కువగానే వర్ణించాను. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "మరి మన ఊరికి రాజులు లేరా సార్?" అన్నాడు. తక్కిన పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. "చూసి చెబుతాలేరా" అని పాఠంలోకి పోయాను. నవ్వవలసిన ప్రశ్న కాదది. నాకు జవాబు తెలియలేదు, అంతే.

జవాబు దొరికేనాటికి ఆ పిల్లవాడు బడి వదిలి వెళ్లిపోయాడు. ముదిగొండ చాళుక్యులని ఒక వంశం ఉంది. కాకతీయులు బలపడకముందు కొరవి సీమను ఏలినవారు, వేంగి చాళుక్యులకు సామంతులు. పదో శతాబ్దపు కొరవి శాసనంలో వారి ప్రసక్తి ఉంది. అది తెలుగు వచనంలో ఉన్న శాసనం. నన్నయకు నూరేళ్ల ముందటి మన వాడుక అక్కడ రాతిమీద కనిపిస్తుంది. ఆ వంశంలోని బొట్టు బేతడనే రాజును విరియాల ఎఱ్ఱభూపతి తిరిగి కొరవిలో నిలబెట్టిన వృత్తాంతాన్ని గూడూరు శాసనం చెబుతుంది. ఇదంతా చదివినప్పుడు నా మనసు రాజులమీద నిలవలేదు. ఈ రాళ్లను వెతికి చదివి అచ్చువేసినవారు ఎవరని తోచింది. రాజులకు వంశవృక్షాలున్నాయి. ఈ మనుషులకు ఏముంది?

మా మున్నేరు పాకాల చెరువు దగ్గర పుట్టి, ఖమ్మం మీదుగా మా ప్రాంతాన్ని దాటి, పెనుగంచిప్రోలును ఒరుసుకుంటూ పోయి కృష్ణలో కలుస్తుంది. ఆ పాకాల చెరువు గణపతిదేవుని కాలంలో జగదాళ ముమ్మడి కట్టించినది. ఇటు పెనుగంచిప్రోలులో 1877లో పుట్టినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి, పిమ్మట ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం, వీటన్నిటి వెనుక ఆయన శ్రమ ఉంది. 1923లో ఆయన కన్నుమూశారు. ఆయన పేరిట హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి నడిచింది.

ఆ మండలి భారాన్ని భుజాన వేసుకున్న కార్యదర్శి ఆదిరాజు వీరభద్రరావుగారు. ఆయన 1890లో మా జిల్లాలోనే, మధిర దగ్గరి దెందుకూరులో పుట్టారు. వృత్తిచేత ఉపాధ్యాయులు. నాకు ఎంత సిగ్గనిపించిందో చెప్పలేను. నావంటి పంతులే, నా జిల్లావాడే, నేను పుట్టకముందే నా విద్యార్థి ప్రశ్నకు జవాబులు వెతికే పనిలో ఉన్నాడు. నేను ఆయన పేరైనా వినకుండా పండిత పరీక్ష ప్యాసయ్యాను.

అచ్చు తీయడం ఎట్లాంటి పనో కొంచెం చెప్పాలి. రాతిని నీళ్లతో కడిగి, నాచు గోకి, తడిపిన కాగితాన్ని దానిమీద పరచాలి. గట్టి వెంట్రుకల కుంచెతో తట్టి తట్టి కాగితాన్ని అక్షరాల గుంతల్లోకి దింపాలి. ఆరుతుండగా పైన మసి అద్దితే, అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా తేలుతుంది. గాలి వీస్తే కాగితం లేచిపోతుంది, ఎండ ముదిరితే చిట్లుతుంది. అది ముగిశాక ఇంట్లో దీపం ముందు కూర్చుని చదవడం, చందాదారులకు ఉత్తరాలు రాయడం, ప్రూఫులు దిద్దడం. శేషాద్రి రమణ కవులవంటి జంట పండితులు తెలంగాణ పల్లెలు తిరిగి శాసనాలు, తాళపత్రాలు పోగుచేశారు. ఇట్లాంటి శ్రమంతా కలిసి 1935లో 'తెలంగాణా శాసనములు' మొదటి భాగంగా వెలువడింది.

అదే కాలంలో గోదావరి ఒడ్డున మరొక కూటమి ఇదే పనిలో ఉంది. 1922 నాటికి రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం జరిగి తొమ్మిది వందల ఏళ్లు. ఆ ఏడు రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది, పట్టాభిషేక సంచిక వెలువరించింది. దాన్ని నడిపినవారిలో భావరాజు వేంకట కృష్ణారావుగారు న్యాయవాది. రాళ్లబండి సుబ్బారావుగారు చరిత్ర బోధించినవారు. 1926 నుంచి ఇంగ్లీషులో ఒక పత్రికను కూడా నడిపారు. 1930లో కళింగ సంచిక, 1935లో మారేపల్లి రామచంద్రశాస్త్రిగారి సంపాదకత్వాన కాకతీయ సంచిక, 1947లో రెడ్డి సంచిక వచ్చాయి. ఓరుగల్లు అప్పుడు నిజాము ఏలుబడిలో ఉంది, రాజమహేంద్రవరం ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉంది. అయినా ఓరుగల్లు రాజుల సంచిక గోదావరి ఒడ్డున అచ్చయింది. 'తెలంగాణా శాసనములు' వచ్చిందీ ఆ ఏడే. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న ఈ రెండు మండళ్ల పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప మా ప్రాంతపు చరిత్ర పూర్తికాదు.

ఇక్కడొక మాట నిష్పక్షపాతంగా చెప్పాలి. వీరికి దొరికినవి ఎక్కువగా రాజుల దానాలు, వంశాలు, గుళ్లు. అవి రాతిమీద ఉన్నాయి కనుక దొరికాయి. పడవ నడిపినవాడి మాట, వల వేసినవాడి మాట, గోదావరి గట్టు కోయల పాట రాతిమీద లేవు. ఆ లోటును వారిమీద నేరంగా మోపను. మనకు మిగిల్చిన పని అనుకుంటాను.

ఈ సంస్థలకు ఒక బలహీనత కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు మనుషుల ఓపిక ఉన్నంతకాలమే నడిచేవి. కార్యదర్శి మంచం పడితే మండలీ మంచం పట్టేది. రాజమహేంద్రవరంలో 1967లో ఏర్పడిన ప్రభుత్వ ప్రదర్శనశాల రాళ్లబండివారి పేరుతో నేటికీ ఉంది. కాని అందరికీ ఆ అదృష్టం లేదు. లక్ష్మణరాయ మండలి తన శాసనాల రెండో భాగం తేవడానికి 1960 దాకా ఆగవలసివచ్చింది. దానికి సంపాదకులు గడియారం రామకృష్ణశర్మగారు. ఆయనదీ నదీతీరమే. తుంగభద్ర ఒడ్డున అలంపురంలో ఉండి, నవబ్రహ్మ ఆలయాల చరిత్రను, అక్కడి శాసనాలను జీవితాంతం అంటిపెట్టుకున్నారు. శ్రీశైలం జలాశయపు నీళ్లు ముంచెత్తనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టినదీ అలంపురంలోనే. శర్మగారు 2006లో పోయారు. ఆత్మకథ 'శతపత్రము'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ మరుసటి ఏడు వచ్చింది.

కృష్ణ ఒడ్డున ఇంకొక పంతులు ఉన్నారు. నాగార్జునకొండ లోయలో శిథిల స్తంభాలను గమనించి ప్రభుత్వానికి తెలియజేసినవారు సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడి ఉపాధ్యాయుడు. 1926లో శాసన శాఖకు చెందిన రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూశారు. తవ్వకాలు మొదలయ్యాయి. 1955లో సాగరానికి శంకుస్థాపన జరిగేనాటికి లోయలో ఏముందో దేశానికి తెలుసు. 1954 నుంచి 1960 వరకు పెద్దయెత్తున తవ్వి, కట్టడాలను కొండమీదికి చేర్చారు. ఆ పంతులు ఆ కబురు పంపకపోతే? ఇంకెవరైనా చూసేవారేమో. చూడకపోయీ ఉండవచ్చు. నీళ్లు మాత్రం ఆగేవి కావు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నా మిత్రుడొకాయన, నాలాగే తెలుగు పండితుడు, ఖమ్మంలో మున్నేటి దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారాలు సైకిలు మీద ఊళ్లు తిరిగి గుడి గోడల మీది, పొలం గట్ల మీది శాసనాలు ఎత్తి రాసుకునేవాడు. ప్రతి రేవు పేరు, ఆ పేరెందుకు వచ్చిందో కూడా బెస్తవారిని అడిగి రాసేవాడు. పదకొండు నోటుపుస్తకాలు నిండాయి. "ప్రూఫులు నువ్వు చూడు, అచ్చు ఖర్చు చెరిసగం పెడదాం" అని నన్ను అడిగాడు. "అమ్మాయి పెళ్లి కానీరా" అన్నాను. అమ్మాయి పెళ్లయింది. తరువాత ఇంకొకటేదో వచ్చింది. ఈలోగా ఆయనే పోయాడు.

2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీల మీద పడింది. నీళ్లు తీశాక వెళ్లాను. ఆయన భార్య బురద తోస్తూ, "మీ స్నేహితుడి పెట్టె మంచం కిందే ఉండిపోయింది అన్నయ్యగారూ" అన్నది. పెట్టె తెరిచాం. ఎనిమిది పుస్తకాలు ముద్ద అయ్యాయి. సిరాతో సాపు రాసిన పేజీలన్నీ నీలం మరకలు. మూడు పుస్తకాలు మాత్రం, ఒక్కొక్క కాగితం విడదీసి ఆరబెడితే, చదవగలిగేట్టు మిగిలాయి. అవి రాతి ముందు కూర్చుని పెన్సిలుతో గీసుకున్న చిత్తు పుస్తకాలు. శ్రద్ధగా సాపు చేసినవి పోయాయి, చిత్తు నిలిచింది.

ఆ మూడింటిని నేను ఎత్తి రాస్తున్నాను. అందులో పేర్కొన్న ఒక రాయిని సరిచూద్దామని మొన్న వేసవిలో వెళ్లాను. గుడి బాగుచేసినప్పుడు దాన్ని మెట్టుగా వేశారు. సగం అక్షరాలు సిమెంటు కింద ఉన్నాయి. మిగిలిన సగం భక్తుల పాదాల కింద అరిగిపోతున్నాయి. పూజారి మంచివాడు, చెబితే నొచ్చుకున్నాడు. కాని ముందుగా చెప్పినవారు లేరు. ఇప్పుడా శాసనం పూర్తి పాఠం ఆ పెన్సిలు పేజీలో తప్ప నాకు తెలిసి మరెక్కడా లేదు.

భద్రాచలం దిగువన గోదావరి, శబరి ఒడ్డు గ్రామాలు ఒకప్పుడు మా జిల్లావే. కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పోలవరం జలాశయానికి ఆ ఊళ్లలో అనేకం మునుగుతాయి. వేలేరుపాడు దగ్గరి రుద్రంకోటలో పురావస్తు శాఖ ప్రాచీన బృహచ్ఛిలా సమాధులను తవ్వింది. అది మంచిపనే. అయితే శాఖవారు తవ్వేది మట్టిలో ఉన్నదాన్ని. రేవు పేరు, గట్టమ్మ రాయి కథ, 1986లో భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిన వరద ఏ ఇంటి ఏ మెట్టు దాకా వచ్చిందన్న గుర్తు, ఇవి మనుషులలో ఉన్నాయి. ఆ మనుషులు పునరావాస కాలనీలకు చేరాక, పిల్లలకు రేవే ఉండదు. ఇక రేవు పేరెందుకు?

దీనికి పెద్ద సంఘం, రిజిస్ట్రేషను, బోర్డు ముందే కావాలని నేను అనుకోను. ఆ మండళ్లన్నీ మొదట నలుగురు కూర్చున్న గదులే. కావలసింది ఉత్తరానికి జవాబు రాసే ఒక కార్యదర్శి, ప్రూఫు చూస్తానని మాట ఇచ్చి నిలబెట్టుకునే ఒక మిత్రుడు. ఆ రెండోదాంట్లో నేను తప్పాను.

మీలో ఆ ఊళ్లవారు ఉంటే, ఈసారి పండగకు వెళ్లినప్పుడు మీ నాయనమ్మ దగ్గరో, పడవ నడిపిన మామ దగ్గరో కూర్చోండి. రేవుల పేర్లు ఎగువ నుంచి దిగువకు వరుసగా అడగండి. గుడి ముందు రాయి ఉంటే అక్షరం అర్థం కాకపోయినా ఉన్నదున్నట్టు గీయండి. పెన్సిలుతో రాయండి. రెండు ప్రతులు రాసి, ఒకటి ఏటికి దూరంగా ఉన్న ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంచండి.