ప్రణయ నవలలకు చిత్రకథా రూపము – కథకుని స్వరము

ఒక గ్రంథమును మరియొక రూపమునకు మార్చుట మన సాహిత్యమునకు క్రొత్త గాదు. శ్రీహర్షుని నైషధీయచరితము శ్రీనాథుని చేతిలో శృంగారనైషధమైనది. గోల్డ్‌స్మిత్ రచించిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఛాయలు 1878వ సంవత్సరమున వెలువడిన వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమున గలవు. ఈ రెండు సందర్భములయందును భాష మారినది. దేశకాలములును కొంత మారినవి. కాని మాట మాటగానే నిలిచినది. నవల చిత్రకథగా మారునపుడు సంగతి వేరు. అచట మాటలలో అధికభాగము బొమ్మయందు లీనమగును. ఆ మార్పున నవల పోగొట్టుకొనునదేమి, పొందునదేమి అను ప్రశ్నను పాశ్చాత్య ప్రణయ నవలల చిత్రకథలను ఆధారముగా గొని ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

ఈ చిత్రకథలను గూర్చి సాధారణముగా వినవచ్చు ఆక్షేపణ ఒక్కటే: అవి గ్రంథమును కుదించునని. ఈ ఆక్షేపణ సత్యమే గాని సంపూర్ణము గాదని మా అభిప్రాయము. కథాసంగ్రహములు పాఠశాలలలో ఎప్పుడును ఉన్నవి. వానివలన మూలగ్రంథములు చెడిపోలేదు. అసలు నష్టము పుటల సంఖ్యలో గాక కథకుని స్వరమున గలదు. ఆ స్వరమును తిరిగి సంపాదించుకొనుటకు చిత్రకథ చేసిన ప్రయత్నమే ఈ శాఖ చరిత్రయని నిరూపించుటకు యత్నింతుము.

ముందుగా చరిత్ర. ఐరోపాలో చిత్రకథకు ఆద్యుడుగా జెనీవా నగరవాసియైన రొడాల్ఫ్ టోఫర్‌ను పేర్కొందురు. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. 1837లో ప్రకటితమైన ఆయన చిత్రకథ ఒకటి ప్రేమోన్మత్తుడైన ఒక పురుషుని పాట్లను పరిహసించునది. అనగా చిత్రకథ తన బాల్యముననే ప్రణయమును వస్తువుగా స్వీకరించినది. కాని పరిహాసమునకై స్వీకరించినది. టోఫర్ వ్రాతప్రతులను చూచి మెచ్చుకొనినవారిలో మహాకవి గోథే ఒకడు. ప్రణయ నవలకు ఐరోపా అంతట ప్రతిష్ఠ తెచ్చిన 'వెర్థర్' కర్తయే ఈ క్రొత్త రూపమును ఆదరించుట గమనింపదగిన విషయము.

ప్రసిద్ధ నవలలను వరుసగా చిత్రకథలుగా ప్రకటించు ఉద్యమము మాత్రము అమెరికాలో 1941వ సంవత్సరమున ఆరంభమైనది. రష్యా సామ్రాజ్యమున జన్మించి అమెరికాకు వలసవచ్చిన ఆల్బర్ట్ కాంటర్ అను ప్రకాశకుడు 'క్లాసిక్ కామిక్స్' అను పేర ఒక మాలను ప్రారంభించెను. అందు మొదటిది డ్యూమా రచించిన 'ది త్రీ మస్కెటీర్స్'. 1947లో ఆ మాల పేరు 'క్లాసిక్స్ ఇల్లస్ట్రేటెడ్' అని మారినది. ఈ నామాంతరణము నిరర్థకము గాదు. 'కామిక్స్' అను మాటకు అంటిన చులకనను వదలించుకొని గ్రంథాలయ గౌరవమును పొందవలెనను కోరిక అందు స్పష్టము. ప్రతి సంచిక చివరను మూలగ్రంథమును తప్పక చదువుడని పాఠకులకు హితవు చెప్పు వాక్యము నుంచుట వారి ఆచారము.

అయినను పండితుల అనుమానము తొలగలేదు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అను మానసిక వైద్యుడు చిత్రకథలు బాలుర శీలమును చెరచునని వాదించుచు ఒక గ్రంథమును ప్రకటించెను. ఉత్తమ గ్రంథముల చిత్రకథలను సైతము ఆయన విడిచిపెట్టలేదు. ఆ సంవత్సరముననే ప్రకాశకులు కూడి తమకు తామే ఒక నియమావళిని ఏర్పరచుకొనిరి. కాంటర్ సంస్థ దానిలో చేరలేదు. తాము ప్రకటించునది సాహిత్యమే గాని మరియొకటి గాదన్నది వారి వాదము. ఒకవైపు విద్యార్థులు మూలమును చదువక ఈ చిత్రకథలను చూచియే పాఠశాల వ్యాసములను వ్రాయుచుండిరి. మరియొకవైపు పుస్తకముల ముఖమైన చూడని ఇండ్లలో ఇవి బ్రాంటీ పేరును, డికెన్స్ పేరును ప్రవేశపెట్టుచుండెను. ఈ రెండును సత్యములే. ఒకదానిచే రెండవదానిని త్రోసివేయ వీలులేదు.

ఈ మాలలో వెలువడిన ప్రణయ నవలలలో మూడింటిని తీసికొందము. 1869 నాటి బ్లాక్‌మోర్ నవల 'లోర్నా డూన్' 1946లో చిత్రకథయైనది. రూత్ రోష్ కథనమును కూర్పగా మాట్ బేకర్ బొమ్మలను వ్రాసెను. అమెరికా చిత్రకథారంగమున పేరొందిన తొలి నీగ్రోజాతి చిత్రకారులలో బేకర్ ఒకడు. షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్' 1947లోను, ఆమె సోదరి ఎమిలీ రచించిన 'వదరింగ్ హైట్స్' 1949లోను ఈ మాలలో చేరినవి. ఈ రెండు నవలలును మొదట 1847లోనే వెలువడినవి. మొదట 64 పుటలుండిన సంచిక క్రమముగా 48 పుటలకు తగ్గినది. 'జేన్ ఐర్'లో 38 అధ్యాయములు గలవు. 'వదరింగ్ హైట్స్'లో 34 గలవు. అనగా ఒక్కొక్క అధ్యాయమునకు ఇంచుమించుగా ఒకటిన్నర పుట మాత్రమే లభించును. సంగ్రహము ఎంత నిర్దయమైనదో ఈ లెక్కయే చెప్పును.

కాని మా ప్రశ్న వేరు. పుటలు పదిరెట్లు పెరిగినను తీరని చిక్కులు మూడు గలవు.

మొదటిది 'నేను' అను మాట. 'జేన్ ఐర్' కథ ఆద్యంతము నాయిక తన నోట చెప్పుకొనునది. 'లోర్నా డూన్' కథను నాయకుడైన జాన్ రిడ్ చెప్పుకొనును. 'వదరింగ్ హైట్స్'లో లాక్‌వుడ్ అను పరదేశికి నెల్లీ అను పరిచారిక కథ చెప్పును. ఆమె చెప్పిన దానిని అతడు మనకు చెప్పును. ఎవరి మాట ఎంతవరకు నమ్మదగినదో తేల్చుకొను భారము పాఠకునిది. చిత్రకథలో గడి పైభాగమున 'నేను' అని వ్రాసినను, గడిలోపల ఆ 'నేను' ఇతరులవలెనే వెలుపలినుండి కనబడును. చెప్పువాడు చూడబడువాడుగా మారును. నెల్లీ చెప్పిన దానిని సందేహింపవచ్చును. బొమ్మలో కన్నులార చూచిన దానిని సందేహించుట కష్టము. కావున బొమ్మ కథకుని సందిగ్ధతను తుడిచివేసి సంఘటనను నిజమని ముద్రవేయును.

రెండవది ముఖము. జేన్ అందగత్తె గాదు. ఆ సంగతిని నవల పదేపదే జ్ఞాపకము చేయును; రోచెస్టరును సుందరుడు గాడు. రూపముతో పనిలేక మనస్సులు కలియుటయే ఆ ప్రణయ విశేషము. నవలలో ఆమె రూపమును మనము మరచిపోగలము, ఏలయన వినుచున్నది ఆమె మనస్సును. చిత్రకథలో ఆమె ముఖము ప్రతి పుటయందును ఎదుటనుండును. చిత్రకారుడు ఆమెను చక్కగా వ్రాసినచో నవల అర్థము మారును. వికారముగా వ్రాసినచో జేన్ తన్నుతాను చూచుకొను చూపు పోయి, లోకము ఆమెను చూచు చూపు వచ్చును.

మూడవది వినికిడి. రోచెస్టరు భవనమున పై అంతస్తున దాచబడిన స్త్రీని పాఠకుడు చాలకాలము చూడడు; ఆమె నవ్వును మాత్రము వినును. ఆ నవలలోని భయమంతయు చెవిమీద ఆధారపడినది. చిత్రకథకు చెవి లేదు. నవ్వును అక్షరములుగా వ్రాయవలెను, అక్షరములను బొమ్మప్రక్కన నిలుపవలెను. అప్పుడు నవ్వుకూడ చూడబడు వస్తువగును.

ఈ చిక్కులు జేన్ ఆస్టెన్ విషయమున మరింత సూక్ష్మములు. 1813లో వెలువడిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ను 2009లో మార్వెల్ సంస్థ ఐదు సంచికల చిత్రకథగా ప్రకటించినది. రచన నాన్సీ బట్లరుది. బొమ్మలు హ్యూగో పెట్రస్‌వి. మొదటి సంచిక ముఖచిత్రము నేటి స్త్రీల పత్రికల అట్టను అనుకరించుచు కథాంశములను శీర్షికలవలె ప్రకటించును. ఇది కేవలము వినోదము గాదని మాకు తోచుచున్నది. ఆస్టెన్ వాక్యమున వ్యంగ్యము కథకురాలి కంఠమున నుండును. ఆ కంఠము గడులలోనికి రానందున దానికి బదులుగా అట్టమీద ఒక పరిహాసమును నిలిపిరి. లోపలి స్వరము వెలుపలి అలంకారమైనది.

ఆ నవల నడిమిభాగమున డార్సీ వ్రాసిన దీర్ఘమైన లేఖ యొకటి గలదు. ఎలిజబెత్తు దానిని చదివి, మరల చదివి, తన తీర్పు తప్పని గ్రహించును. కథను త్రిప్పునది ఒక సంఘటన గాదు, ఒక పఠనము. చదువుట యను క్రియకు బొమ్మ యేది? కాగితము పట్టుకొని కూర్చున్న స్త్రీని చూపవచ్చును గాని ఆమె మనస్సున మొదటి పఠనమునకును రెండవ పఠనమునకును నడుమ జరిగిన మార్పును చూపుట దుర్ఘటము. ప్రణయ నవల చిత్రకథగా మారుటలోని అసలు పరీక్ష ఇదియే.

ఈ పరీక్షలో నెగ్గిన కృతులు మూలమును యథాతథముగా అనుసరించినవి గావు. 1999లో గ్రంథరూపము దాల్చిన పోజీ సిమండ్స్ కృతి 'జెమ్మా బోవెరీ' అందుకు నిదర్శనము. ఫ్లోబేరు రచించిన 'మదాం బొవారీ' కథకు నేటి నార్మండీ గ్రామమున ఛాయవంటిది ఈ కథ. దీనిని చెప్పువాడు రొట్టెలు కాల్చు ఒక గ్రామస్థుడు. అతడు ఫ్లోబేరును చదివినవాడు. నాయిక పేరు చూచి, ఆమెకును అదే గతి పట్టునేమో యని భయపడువాడు. ఆమె దినచర్యను రహస్యముగా చదువువాడు. సిమండ్స్ అతని మాటలను బొమ్మల ప్రక్కన నిండు వచనముగా నిలిపినది. కథకుడు బొమ్మలోనికి పోక ప్రక్కనే నిలిచినందున అతని మాటను సందేహించు అవకాశము పాఠకునికి మరల లభించినది.

2012లో ఫానీ బ్రిట్ రచించి ఇసబెల్ ఆర్సెనో చిత్రించిన ఫ్రెంచి గ్రంథము మరియొక త్రోవ త్రొక్కినది. తోటి బాలికల హేళనకు గురియైన హెలెన్ అను మాంట్రియాల్ బాలిక 'జేన్ ఐర్'ను చదువుచుండును. ఆమె దినములు బూడిదవన్నె గీతలలోను, ఆమె చదువు నవల రంగులలోను కనబడును. ఇచట చిత్రింపబడినది నవల గాదు, నవలను చదువుట. తన రూపమును చూచి క్రుంగు బాలికకు అందము లేని నాయిక యెట్లు ఆసరా అయ్యెనో బొమ్మయే చెప్పగలిగినది. ముఖమును గూర్చిన చిక్కు ఇందు బలముగా మారినది.

ఇక మన దేశము మాట. 1967లో అనంత్ పాయి ఆరంభించిన 'అమర్ చిత్ర కథ' మాలలో శకుంతల, కాదంబరి మొదలగు ప్రణయకథలు వెలువడినవి. కన్నడ మరాఠీ భాషలలో నవలకు 'కాదంబరి' యనియే పేరు. బాణుని ఆ గద్యకావ్యము శూద్రక మహారాజునకు ఒక చిలుక చెప్పిన కథ. ఆ చిలుక చెప్పిన దానిలో జాబాలి మహర్షి చెప్పిన కథ యిమిడియున్నది. కథలో కథ, స్వరములో స్వరము. 'వదరింగ్ హైట్స్'ను గూర్చి మేము లేవదీసిన ప్రశ్న కాదంబరికిని చక్కగా వర్తించును.

ఈ ప్రశ్నకు ఒక ప్రాచీన సమాధానము తెలుగునాట ఉన్నదని మనవి చేయుచున్నాము. తెలంగాణమున చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడుగాటి పటములలో కథ వరుస వరుసలుగా బొమ్మకట్టియుండును. కాని ఆ పటము ఒంటరిగా కథ చెప్పదు. పటమును విప్పుచు, బొమ్మను చూపుచు, గాయకుడు ప్రక్కన నిలిచి పాడును. బొమ్మ సంఘటనను చూపును; కంఠము దానికి అర్థమును, అభిప్రాయమును ఇచ్చును. సిమండ్స్ తన మార్గమున చేరుకొనిన ఏర్పాటు మన పటము కథకులకు వృత్తిధర్మము. ఒకరినుండి యొకరు గ్రహించిరని మా భావము గాదు. ఒకే చిక్కు రెండు చోట్ల ఒకే విధముగా విడివడినదని మాత్రమే.

కావున నవలల చిత్రకథలను తరగతి గదినుండి వెలివేయుటయు, మూలమునకు బదులుగా అంగీకరించుటయు రెండును తగవు. మూలమునందలి ఒక అధ్యాయమును, దానికి సరియైన చిత్రకథా పుటలను ప్రక్కప్రక్కన నుంచి, ఏ వాక్యము బొమ్మయైనది, ఏది గడిపై మాటగా నిలిచినది, ఏది ఎచటను చేరక జారిపోయినది అని విద్యార్థిచే గుర్తింపజేయవలెను. జారిపోయిన వాక్యములను ఏరి కూర్చి చూచినచో అవి తరచుగా కథకుని స్వరమే యని తేలును. నవల యనగా కథ మాత్రమే గాదను సత్యమును విద్యార్థికి బోధించుటకు ఇంతకంటె సులభమైన పాఠము మాకు కనబడుట లేదు. మన పటము కథలను ఈ దృష్టితో పరిశీలించు పరిశోధకులు ముందుకు వచ్చినచో ఈ చర్చకు తెలుగునుండి ఒక విలువైన చేర్పు లభింపగలదు.