బొమ్మయు, దాని లోపలి చేయియు

1955వ సంవత్సరమున వాషింగ్టన్ నగరమున జిమ్ హెన్సన్ అను యువకుడు తన తల్లి విడిచిన పాతకోటు గుడ్డతో నొక బొమ్మను కుట్టి, పింగ్‌పాంగ్ బంతిని రెండుగా గోసి కన్నులు పెట్టెను. దాని పేరు కెర్మిట్. పిమ్మట నది కప్పయై దేశదేశముల బిడ్డలకు చెలికాడయ్యెను. ఆ తొలిబొమ్మ 2010లో స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలకు జేరినది. అసలు కొలతలతో జేసిన కెర్మిట్ నకళ్లను కొని అద్దాల బీరువాలలో నిలుపుకొనువారును గలరు. వారిని మేము తప్పుపట్టము. అయితే 1990 మే 16న హెన్సన్ మరణించినప్పుడు కెర్మిట్ కూడ మరణించెనా?

స్టీవ్ విట్‌మైర్ అను సహచరు డా బొమ్మను చేత దొడిగెను. కంఠము మాఱినదని గొణిగినవారు లేకపోలేదు. అయినను 26 ఏండ్లు కెర్మిట్‌ను బ్రదికించినవా డాతడే. 1990 తరువాత బుట్టిన బిడ్డలకు కెర్మిట్ గొంతన నాతనిదే. 2004 నుండి బొమ్మ డిస్నీ సంస్థ సొత్తు. 2016లో సంస్థ యాతనిని తొలగించెను. కారణముల విషయమై యిరుపక్షములును వేర్వేఱుగా జెప్పిరి. ఆ పని మ్యాట్ వోగెల్‌కు దక్కినది.

ఈ వోగెలే వేఱొకచోట మేలైన మార్గమున వారసుడయ్యెను. బిగ్ బర్డ్ అను పసుపుపక్షి యెత్తు 8 అడుగుల 2 అంగుళములు. లోపలి మనిషి కుడిచేతిని నెత్తిమీదికి నిక్కించి దాని తలను, ముక్కును ఆడింపవలెను; చిటికెనవ్రేలితో కనురెప్పలు కదల్పవలెను. వెలుపలిది కానరాదు గనుక ఱొమ్మునకు గట్టుకొన్న చిన్న టెలివిజన్ చూచుకొనుచు నడువవలెను. (గంటసేపు చేయెత్తి నిలిచినగాని యా కష్టము తెలియదు!) క్యారొల్ స్పిన్నీ 1969 నుండి యీ పని చేసెను. ఒడలింకను సహకరించు దినములలోనే వోగెల్‌ను చెంతనుంచుకొని నేర్పెను. 2015లో శరీరము పట్టుదప్పగా కదలిక శిష్యునికిచ్చి గొంతు మాత్రము తానుంచుకొనెను. 2018లో అదియు నప్పగించెను. ఏ నకలునకు నిట్టి వారసత్వము గలదు?

మన ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారు నేటికిని గలరు. అచ్చటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆటలు పిలుచువారు తగ్గినందున నా చేతులు లాంపుషేడులు జేసి బ్రదుకుచున్నవి. వానిని గొనుడు, కూలి గిట్టును. కాని తెరవెనుక హనుమంతుని లంకకు దూకించుచు పాడుట లాంపుషేడు చిత్రించుటవలన నే పిల్లవానికిని రాదు. మీ యింటి పెండ్లికి పందిరి వేయించునప్పుడు, ఒక రాత్రి యాటకు సంభావన యెంతయో వారి నడుగుడు.