షుర్తా గడపలో పరువు ఫిర్యాదు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఒకరు మరొకరిని ఫోన్ తెరమీద తిడితే, తిట్టు తిన్న మనిషి నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాయించవచ్చు. అదే తిట్టు కరీంనగర్‌లోనో కడపలోనో పడితే, అది కేవలం పరువునష్టమే అయినపక్షంలో, పోలీసులు వివరాన్ని ఒక పుస్తకంలో రాసుకొని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమంటారు. ఈ తేడాకు రెండు దేశాల స్వభావాలే కారణమని తేల్చేయడం తేలికే గాని చరిత్ర అందుకు ఒప్పుకోదు. ఎందుకంటే గల్ఫ్ తీరంలోని భారతీయులకు ఒకప్పుడు భారత శిక్షాస్మృతే వర్తించిన కాలం ఉంది, రెండు దారులు విడిపోయినది ఆ తరువాతనే.

చమురుకు ముందు, నేటి ఎమిరేట్స్ ప్రాంతాన్ని ట్రూషియల్ తీరం అనేవారు. బ్రిటిష్ వారితో 1820 నుంచి కుదిరిన సంధుల వల్ల వచ్చిన పేరు అది. అక్కడ పోలీసు అనే వ్యవస్థ లేదు. షేక్ కొలువుతీరే బహిరంగ సభను మజ్లిస్ అంటారు. ఫిర్యాదులు అక్కడికి నోటి మాటగా వచ్చేవి, మతధర్మానికి సంబంధించినవి ఖాజీ చేతికి వెళ్లేవి, ముత్యాల వేటకు సంబంధించిన అప్పుల తగాదాలను ఆ వృత్తి ఎరిగిన పెద్దల ప్రత్యేక సభ తీర్చేది. మాటతో చేసే హానికి రెండు అరబ్బీ పదాలు ఉన్నాయి, నేటి చట్టాలూ వాటినే వాడుతున్నాయి. మొదటిది ‘కజ్ఫ్’, మూలార్థంలో విసరడం, అంటే ఒకరి మీద నింద విసరడం. ధర్మశాస్త్రంలో ఇది శీలం మీద వేసే అపనిందకే పరిమితం. నలుగురు సాక్షులను చూపలేని నిందకుడికి ఎనభై కొరడా దెబ్బలు. రెండవది ‘సబ్’, అంటే తిట్టు. నిర్దిష్టమైన ఆరోపణ ఏదీ లేకుండా ఎదుటివారి గౌరవాన్ని దెబ్బతీసే మాట. ఆధునిక శిక్షాస్మృతి కజ్ఫ్ అర్థాన్ని విస్తరించి, శిక్షకో చీత్కారానికో గురిచేసే ఏ ఆరోపణకైనా ఆ పేరే పెట్టింది. పాత పదానికి కొత్త బరువు ఎక్కిందన్నమాట.

భారతీయుల సంగతి వేరుగా నడిచింది. గల్ఫ్‌లో బ్రిటిష్ ప్రతినిధి బుషెహ్ర్‌లో కూర్చొని మొదట బొంబాయి ప్రభుత్వానికి, తరువాత భారత ప్రభుత్వానికి జవాబుదారీగా ఉండేవాడు. 1913లో రూపొంది 1919లో అమలుకు వచ్చిన బహ్రెయిన్ ఆర్డర్ అనే రాజశాసనం అక్కడి బ్రిటిష్ ప్రజలకు, అంటే భారతీయ వర్తకులతో సహా, 1860 నాటి భారత శిక్షాస్మృతిని, భారత నేరవిచారణ స్మృతిని వర్తింపజేసింది. ట్రూషియల్ తీరంలోనూ విదేశీయుల మీద బ్రిటిష్ న్యాయాధికారం 1971 దాకా సాగింది. చెలామణిలో ఉన్న నాణెం కూడా 1966 వరకు రూపాయే. ఆ శిక్షాస్మృతిలోని 499వ సెక్షన్ పరువునష్టాన్ని నేరం అంది గాని, నేరవిచారణ స్మృతి దాన్ని పోలీసులు స్వయంగా దర్యాప్తు చేయలేని నేరాల వరుసలో ఉంచింది. మాట పడ్డవాడే న్యాయాధికారి ముందుకు వెళ్లి మొర పెట్టుకోవాలన్నది ఆ చట్టం తాత్పర్యం.

దుబాయ్ పోలీసు దళం 1956 జూన్ 1న, దేరాలోని నాయిఫ్ కోటలో పుట్టింది. అబుదాబి దళం మరుసటి ఏడు వచ్చింది. 1971 డిసెంబరు 2న సమాఖ్య ఏర్పడినా, దేశమంతటికీ ఒకే శిక్షాస్మృతి రావడానికి మరో పదహారేళ్లు పట్టింది. 1987లో వచ్చిన ఆ మూడో నంబరు సమాఖ్య చట్టం కజ్ఫ్‌కు రెండేళ్ల దాకా ఖైదు లేదా ఇరవై వేల దిర్హమ్‌ల దాకా జరిమానా, సబ్‌కు ఏడాది దాకా ఖైదు లేదా పది వేల జరిమానా నిర్ణయించి, ఫోన్‌లో తిట్టినా ఎదురుగా తిట్టినా నేరమేనని విడిగా చెప్పింది. ప్రజాప్రయోజనం కోసం నిజం చెబితే నేరం కాదనే మినహాయింపు భారత చట్టంలో ఉంది. ఎమిరేట్స్‌లో మాత్రం నిజమని రుజువు చేసి బయటపడే వెసులుబాటు ప్రధానంగా ప్రభుత్వోద్యోగి విధులకు సంబంధించిన ఆరోపణలకే దక్కింది. అప్పు ఎగ్గొట్టినవాణ్ని నలుగురిలో ‘దొంగ’ అన్నవాడు, అప్పు పత్రం చూపినంత మాత్రాన బయటపడడు.

అసలు కీలకం 1992 నాటి నేరవిచారణ చట్టంలో ఉంది. అందులోని 35వ అధికరణం ప్రకారం, నేరాల గురించి వచ్చే సమాచారాన్ని, ఫిర్యాదులను దర్యాప్తు అధికారులు స్వీకరించి తీరాలి. చేపట్టిన చర్యలను కాలం, స్థలం సహా ‘మహ్‌జర్’ అనే నివేదికలో రాసి సంతకం చేయాలి. ఈ పనిలో పోలీసు అధికారి తన పై అధికారికి మాత్రమే కాక పబ్లిక్ ప్రాసిక్యూషన్‌కు, అంటే నేరాభియోగాలను నడిపే న్యాయశాఖకు లోబడి ఉంటాడు. అయితే అదే చట్టంలోని 10వ అధికరణం ఈ విశాలమైన వాకిలికి ఒక గడియ బిగించింది: దూషణ, అపనింద వంటి కొన్ని నేరాల్లో బాధితుడి ఫిర్యాదు లేనిదే ప్రభుత్వం అభియోగం మొదలుపెట్టరాదు, నేరమూ నేరస్థుడూ తెలిసిన నాటి నుంచి మూడు నెలలు దాటితే ఆ ఫిర్యాదు చెల్లదు. బాధితుడు తన ఫిర్యాదును వదులుకోవచ్చు కూడా. దాన్ని ‘తనాజుల్’ అంటారు, దానితో అభియోగం ముగిసిపోతుంది. ఈ ఏర్పాటులో మజ్లిస్ నాటి రాజీ సంప్రదాయపు నీడ కనబడుతుంది. చట్టం తలుపు తెరిచింది, తాళంచెవి మాత్రం మాట పడ్డవాడి చేతికే ఇచ్చింది. 2023 మార్చి నుంచి అమలైన కొత్త నేరవిచారణ చట్టమూ ఈ కట్టడాన్ని చాలావరకు నిలిపింది.

ఇంటర్నెట్ 1995లో ఎతిసలాత్ సంస్థ ద్వారా ప్రజలకు అందింది. 2006లో వచ్చిన రెండో నంబరు సమాఖ్య చట్టం ఆన్‌లైన్ నేరాలకే ప్రత్యేకించినది, అరబ్ దేశాల్లో ఇటువంటి తొలి చట్టాల్లో ఒకటి. అందులో నెట్ ద్వారా బెదిరించి డబ్బు గుంజడం శిక్షార్హమైంది. దాని స్థానంలో 2012లో వచ్చిన శాసనం ఆన్‌లైన్ దూషణకు రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దిర్హమ్‌ల జరిమానా పెట్టింది, నేరం రుజువైన విదేశీయుణ్ని శిక్ష తరువాత దేశం నుంచి పంపివేయమంది. పాత స్మృతిలోని పది వేలతో పోలిస్తే ఇది పాతిక రెట్లకు తగ్గని పెంపు. నోటితో అన్న మాటకూ వేలితో తాకి పంపిన మాటకూ ఇంత దూరం ఎందుకని అడగవలసిందే. ఈ దూరాన్ని దేశమంతా గమనించినది 2015 జూన్‌లో. వాట్సాప్‌లో తోటివాణ్ని తిట్టిన ఒక వ్యక్తికి కింది కోర్టు మూడు వేల దిర్హమ్‌ల జరిమానాతో సరిపెట్టగా, సైబర్ చట్టాన్నే వర్తింపజేయాలంటూ సమాఖ్య సుప్రీంకోర్టు కేసును తిరిగి విచారించమంది. 2022 జనవరి 2న అమల్లోకి వచ్చిన 2021 నాటి ముప్పై నాలుగో శాసనం కూడా దూషణకు అదే జరిమానాను కొనసాగించింది. బెదిరింపులో నేరం చేస్తాననో మానం తీస్తాననో ఉంటే ఖైదు పదేళ్ల దాకా పోవచ్చు.

భారతదేశంలో ఇదే దశాబ్దం మరోలా గడిచింది. దర్యాప్తుకు అర్హమైన నేరం బయటపడే ఏ సమాచారం వచ్చినా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం పోలీసుల విధి అని, అందులో ఇష్టాయిష్టాలకు తావు లేదని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2013 నవంబరు 12న తేల్చింది. ఆన్‌లైన్ మాటలకు ఎక్కువగా వాడిన, సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. లలితా కుమారి తీర్పుతో విధి బలపడింది, కాని ఆ విధి పరిధిలోకి ఉత్త పరువునష్టం రానేలేదు. 2024 జూలై 1న వచ్చిన కొత్త నేర చట్ట సంహితలూ దాన్ని మేజిస్ట్రేటు వాకిట్లోనే ఉంచాయి. ఎక్కడ జరిగిన నేరానికైనా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయించుకోగల జీరో ఎఫ్‌ఐఆర్‌కు మాత్రం చట్టంలో స్పష్టమైన చోటు దొరికింది.

ఈ రెండు పద్ధతుల మధ్య నలిగేవాడు వలస కార్మికుడు. ఎమిరేట్స్‌లో ముప్పై ఐదు లక్షలకు పైగా భారతీయులున్నారు, వారిలో ఉత్తర తెలంగాణ, రాయలసీమ, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారు చాలామంది. పోలీసును వారూ అరబ్బీ మాటతో ‘షుర్తా’ అనే అంటారు. ఊరి గొడవలను ఊరి భాషలో వాట్సాప్ గ్రూపులోనే తేల్చుకునే అలవాటుతో వచ్చినవారికి, తెలుగు తిట్టు అరబ్బీలోకి అనువాదమై కేసు కాగితాల్లోకి ఎక్కుతుందన్న ఊహ రాదు; పెద్దవాణ్ని ఏకవచనంలో పిలవడంలోని అవమానమేమో ఆ అనువాదంలో జారిపోతుంది. విచారణ భాష అరబ్బీ. అబుదాబి న్యాయశాఖ 2019 ఫిబ్రవరిలో కార్మిక వివాదాల కోసం హిందీని మూడో భాషగా చేర్చింది. తెలుగువాడికి అది సగం సాయమే.

మాట దేశ సరిహద్దు దాటితే చిక్కు ఇంకోలా ఉంటుంది. షార్జాలో ఉన్నవాడు జగిత్యాలలోని మనిషిని బెదిరిస్తే, భారతీయుడు విదేశంలో చేసిన నేరానికీ భారత చట్టం వర్తిస్తుంది గనుక జగిత్యాల స్టేషన్ ఫిర్యాదు తీసుకోవచ్చు. బోట్స్వానాలో సాగిన ఒక కాపురం మీద ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో, దర్యాప్తుకు కేంద్రం అనుమతి అక్కరలేదని, విచారణ సాగడానికి మాత్రం కావాలని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. దిశ మారి, జగిత్యాలలో కూర్చొని షార్జాలోని వాణ్ని తిడితే, షార్జా పోలీసులు ఫిర్యాదు రాసుకున్నా నిందితుడు వారి చేతికి అందడు. 1999 నాటి నేరస్థుల అప్పగింత ఒప్పందం ఉన్నా, ఒక తిట్టు కోసం దాన్ని కదిలించడం ఊహించడమే కష్టం. నష్టపరిహారం సంగతి అలా కాదు. 2020 జనవరి 17న భారత ప్రభుత్వం ఎమిరేట్స్‌ను సివిల్ తీర్పుల పరస్పర అమలు దేశంగా ప్రకటించినప్పటి నుంచి, అక్కడి సివిల్ కోర్టు ఇచ్చిన డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో దాఖలు చేసి, తిట్టినవాడి పొలం మీద అమలుకు కోరవచ్చు.