పాదం వేడి చెప్పే కబురు

ఫుట్ ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో మన ఫౌజీలకు వేరే చెప్పక్కర్లేదు. రూట్ మార్చ్ అయ్యాక బూట్లు, సాక్సులు విప్పి కూర్చుంటే ప్లాటూన్ కమాండర్ ఒక్కొక్కరి పాదాలూ చూసుకుంటూ వెళ్ళేవాడు. బొబ్బ ఉంటే దొరికిపోయేది. బొబ్బకు ముందు పుట్టే వేడి మాత్రం కంటికి దొరకదు. దాన్ని పట్టే కెమెరా కూడా ఫౌజు అవసరాల్లోంచి ఎదిగిందే.

1800లో విలియం హెర్షెల్ ఎండను రంగులుగా విడగొట్టి, ఎరుపుకి అవతల ఏ రంగూ లేనిచోట థర్మామీటర్ ఎక్కువగా పెరగడం చూశాడు. అవే పరారుణ కిరణాలు. చీకట్లో శత్రువును చూడ్డానికి సైన్యాలు వాటిని పట్టుకున్నాయి. 1956లో కెనడా డాక్టరు రే లాసన్, రొమ్ము క్యాన్సర్ గడ్డపైన చర్మం వేడిగా ఉంటుందని రాశాక వైద్యులూ ఇటు చూశారు.

పాదాల దాకా తెచ్చిన వాళ్ళలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. 1914లో కొల్లిమలల్లో పుట్టిన మిషనరీల బిడ్డ. 1946లో మన చిత్తూరు పక్కనున్న వెల్లూరు ఆసుపత్రిలో చేరాడు. కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో అందరి నమ్మకం. కాదు, స్పర్శ పోవడం వల్ల నొప్పి తెలియక పుండు మీదే నడుస్తున్నారని ఆయన తేల్చాడు. 1966లో అమెరికాలోని కార్విల్‌ వెళ్ళాక థర్మల్ కెమెరాతో పాదాలు చూశాడు. చిన్న ఒత్తిడైనా ఒకేచోట వేలసార్లు పడితే అక్కడ వేడి పుడుతుంది, విశ్రాంతి ఇవ్వకపోతే అదే పుండవుతుంది. కెమెరా లేనిచోట చేత్తో తడిమి చూడమనేవాడు.

షుగరు వాళ్ళ పాదాలదీ ఇదే కథ. అమెరికాలో 173 మందిపై చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ రెండు పాదాల వేడి కొలుచుకుని, ఒకేచోట 2.2 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువ తేడా వస్తే నడక తగ్గించినవారిలో 8.5 శాతం మందికే మళ్ళీ పుండు పడింది. మిగతావాళ్ళలో సుమారు 30 శాతం. వాళ్ళు వాడింది పెద్ద కెమెరా కాదు, చేతిలో పట్టే థర్మామీటరే. అయితే రక్తప్రసరణ తగ్గిన కాలు చల్లగా ఉండి మోసం చేయొచ్చు, డాక్టరు చూడాల్సిందే.

మా పల్టన్ సుబేదార్ సాబ్ ఒకాయన ఎన్నో ఏళ్ళు జవాన్ల పాదాలు చూసినవాడు. రిటైరై ద్వారక వచ్చాక, బూటులో చిన్న రాయి ఉన్నా తెలియక పార్కులో వారం రోజులు తిరిగాడు. బొటనవేలు తీసేశారు. ఇప్పుడు రోజూ రాత్రి వదినగారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు పాదాలూ తడిమి చూస్తారు. సాబ్ మాత్రం సావధాన్‌లో ఉన్నట్టే బిగుసుకుని కూర్చుంటాడు.