మొక్కకు నీరే కండబలము



వానలు వెనుకపట్టిన ఏట మిట్టమధ్యాహ్నము జొన్నచేని గట్టున నిలిచి చూచినచో, వెడల్పుగా నుండవలసిన ఆకులు గొట్టములవలె చుట్టుకొని యుండుట కానవచ్చును. ప్రొద్దు వ్రాలి చల్లగాలి తగిలిన పిమ్మట అవే ఆకులు మరల విప్పుకొనును. మనము చేయి ముడువవలెనన్న కండలు బిగియవలెను. మొక్కకు కండలు లేవు, ఎముకలు లేవు. మరి ఆ యాకును చుట్టిన దెవరు? విప్పిన దెవరు? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు మనుష్యులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను నేడు మీకు మనవి చేయదలచితిని. సేద్యమునకు దీనితో గల సంబంధమును చివర చెప్పెదను.

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్సు అను క్రైస్తవ మతాచార్యుడు 1727వ సంవత్సరమున ఒక గ్రంథమును ప్రకటించెను. మొక్క త్రాగు నీటిని త్రాసులో తూచి లెక్కకట్టుట ఆ గ్రంథమునందలి విశేషము. మూడున్నర అడుగుల ప్రొద్దుతిరుగుడు మొక్కను కుండలో పెంచి, కుండ మూతిని సీసపు రేకుతో కప్పి, ఆయన ఉదయ సాయంకాలములందు తూచుచు వచ్చెను. పగటివేళ సగటున 20 ఔన్సుల నీరు ఆవిరియై పోవుచున్నట్లు తేలెను. ఎండు బఠాణీలను ఇనుపకుండలో నింపి, నీరు పోసి, మీద పెద్ద బరువు మోపినప్పుడు గింజలు ఉబ్బి, ఒకదాని నొకటి ఒత్తుకొని, గుండ్రదనము పోయి పలకలు తేలెను. నీరు పీల్చిన గింజలో ఎంత బలము గలదో ఆయన అట్లు చూపెను. ఆ బలము ఎక్కడిదో మాత్రము అప్పటికి తెలియలేదు.

దాదాపు నూరేండ్లకు ఫ్రాన్సు దేశీయుడైన డ్యూట్రోషే అను వైద్యుడు ఆ మర్మమును పట్టెను. అత్తిపత్తిని మీ రందరు నెరుగుదురు. చేయి తగిలినంతనే ఆకులు ముడుచుకొని కాడ వ్రాలిపోవును. ఆకుకాడ మొదట నుండు ఉబ్బెత్తు కణుపే ఈ కదలికకు స్థానమని ఆయన 1824లో వ్రాసెను. పిమ్మట కోడిప్రేగు సంచిలో జిగురునీరు నింపి, మూతి కట్టి, మంచినీటిలో నుంచగా, వెలుపలి నీరు సంచిలోనికి చొచ్చి దానిని బిగువెక్కించెను. పలుచని పొరకు ఒకవైపు మంచినీరును, రెండవవైపు చిక్కని ద్రవమును ఉన్నచో మంచినీరు చిక్కనిదానివైపు నడచును. దీనినే ద్రవాభిసరణమందురు. మొక్క దేహమంతయు ఇట్టి సూక్ష్మమైన తిత్తులతో కట్టబడినది. వీనినే కణములందురు. తిత్తి నిండిన ఆకు నిలుచును, తిత్తి తగ్గిన ఆకు వ్రాలును.

ఈ బలమును జర్మనుడైన ఫెఫర్ 1877లో కొలిచి చూపెను. నూరు పాళ్ళలో ఒక పాలు మాత్రమే పంచదార గల నీరు, తగిన పొర నుంచినచో, అర మీటరునకు మించిన ఎత్తు పాదరసమును నిలిపినది. అది 7 మీటర్ల నీటి బరువునకు సమానము. మన ఊళ్ళలో 7 మీటర్ల లోతు నూతినుండి నీరు తోడుటకు ఎంత శ్రమయో మీకు తెలియును.

ఇక జొన్నాకు సంగతి. 1875లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు డ్యూవాల్ జూవ్ గడ్డిజాతి ఆకులను సన్నగా కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. వరి, జొన్న, మొక్కజొన్న ఈ జాతివే. ఇట్టి ఆకుల పైముఖమున పెద్ద బుడగలవంటి కణములు వరుసలు తీరియుండును. నీరు చాలనప్పుడు ఇవి కుంగును. పైముఖము కురుచయై ఆకు లోపలికి చుట్టుకొనును. ఇందు ఇతర కణములకును పాలు గలదని తరువాతివారు తెలిపిరి. చుట్టుకొన్న ఆకునకు ఎండ తక్కువ తగులును, ఆవిరియు తక్కువగా పోవును. కావున ఆకు చుట్టుకొనుట మొక్క తన్ను తాను కాపాడుకొను ఉపాయము.

మన దేశీయుడైన జగదీశచంద్ర బోసు పేరును ఇచ్చట తలవవలెను. అత్తిపత్తి ఆకు కొనను తాకినచో ఆ వార్త కణుపునకు ఎట్లు చేరునని వివాదము కలిగెను. అది నీటి ఒత్తిడియే యని పలువురు పాశ్చాత్యులు తలచిరి. బోసు తాను నిర్మించిన సున్నితమైన యంత్రములతో అది విద్యుత్తుతో గూడిన సంచలనమని చూపి, 1906లో గ్రంథము వెలువరించెను. కలకత్తాలో 1917లో పరిశోధనాలయమును స్థాపించెను. వార్త విద్యుత్తువలన చేరినను, కాడను వంచు పని మాత్రము నీటిదే. కణుపు క్రిందివైపు కణములనుండి లవణములు వెలికిపోగా, వాని వెంట నీరును పోవును. కణముల పొరలలో నీరు నడచుటకు ప్రత్యేకమైన దారులు గలవని అమెరికాలో పీటర్ ఆగ్రె 1992లో వెల్లడించెను. అందులకు 2003లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఇప్పుడు సేద్యముతో సంబంధము చెప్పెదను. అమెరికాలో బ్రిగ్సు, షాంట్సు అను నిరువురు 1912లో అనేక రకముల మన్నులలో మొక్కలను పెంచి, ఏ తడివద్ద మొక్క వడలి, తేమగాలిలో నుంచినను తేరుకొనదో లెక్కకట్టిరి. అంతవరకు నేలలో తడియే లేదని కాదు. ఇసుకనేలలో మిగులు తడి బహు స్వల్పము. బంకమట్టిలో చేతికి చల్లగా తగులునంత తడి యున్నను మొక్క దానిని లాగుకొనజాలదు. మన్ను దానిని అంత గట్టిగా పట్టుకొనును. కనుక మట్టిని చేతితో నలిపి చూచుట చాలదు, ఆకునుగూడ చూడవలెను.

మధ్యాహ్నము వడలి సాయంకాలము తేరుకొన్న పైరునకు నేలలో నీరు గలదు. ఎండ తీవ్రతకు వేళ్ళు సరితూగలేకపోయినవి, అంతియే. రాత్రియంతయు గడచినను తెల్లవారునప్పటికి విప్పుకొనని ఆకు మాత్రము ఆపదను తెలుపును. అట్టి చేనికి ఆనాడే నీరు పెట్టుట అవసరము. ఇంకొక మాట. నేల తడిగా నుండి, లేక చేనిలో నీరు నిలిచియుండి, మొక్క వడలినచో మరల నీరు పెట్టరాదు. వేళ్ళకు గాలి చాలకయో, తెగులు సోకియో అవి నీరు త్రాగలేకున్నవని గ్రహించి, మురుగు తీయించి, ఒక మొక్కను పెరికి వేళ్ళను పరీక్షింపవలెను.

నీరు కొద్దిగా నుండి పొలములు పెక్కుగా నున్న ఊరిలో ఏ చేనికి ముందు, ఏ చేనికి వెనుక అను తగవు మీవంటి పెద్దల యొద్దకే వచ్చును. అట్టి తీర్పు చెప్పుటకు ముందు సూర్యోదయ వేళ ఆ రెండు చేలను నడచి చూడుడని నా మనవి. మధ్యాహ్నపు టెండలో రెండును ఒక్కతీరుననే వాడి కనబడును. ఉదయమున మాత్రము ఏది నిజముగా దప్పిగొన్నదో ఆకులే తెలుపును.