కంఠమును నిలుపుకొను గది



తాతగారి పటము గోడమీద నుండును. ఆయన పలుకెట్టిదో మాత్రము మునిమనుమ లెఱుగరు. మన పల్లెలలో ఊడ్పుల పాటలు, పెండ్లి పాటలు, వంశకథలు కాగితమునకంటె కంఠమునందే యెక్కువగా నిలిచి, ఆ కంఠముతోడనే పోవుచున్నవి. నేడు శబ్దమును పట్టు యంత్రము ఫోనురూపమున ఇంటింటికిని వచ్చినది. అయినను మంచి యంత్రమున్నంతమాత్రమున మంచి ధ్వని రాదు, గది కుదురవలయును. ఈ సంగతి లోకమునకెట్లు తెలియవచ్చెనో, ఆ చరిత్రనే నేను మీకు మనవి చేయదలచితిని.

1877 సంవత్సరము డిసెంబరులో అమెరికా దేశమున ఎడిసన్, తగరపు రేకు చుట్టిన గొట్టము నెదుట ఒక పిల్లల పాటను పలికి, ఆ పలుకునే మరల వినెను. మరుసటి యేట నాతడు తన యంత్రముయొక్క ఉపయోగములను ఒక పత్రికలో వివరించుచు, కుటుంబములోనివారి మాటలను, జ్ఞాపకములను, అవసానకాలపు పలుకులను వారివారి కంఠములతోనే భద్రపఱచుటను గూడ వానిలో చేర్చెను. కావున ఈ విద్య పుట్టినప్పుడే ఇంటిని తలచుకొని పుట్టినదని నేననుకొందును. తరువాత వచ్చిన మైనపు గొట్టములపై ఇంటివారు తామే మాటలను పట్టుకొనగలిగిరి. అయితే 1887లో బెర్లినర్ రూపొందించిన గ్రామఫోను ప్లేట్లు వ్యాపించిన పిదప, ఇంటివాడు వినువాడేగాని పట్టువాడు కాకపోయెను. పట్టుట కంపెనీలవారి పని యయ్యెను.

ఆ కంపెనీల తరపున గైస్‌బర్గ్ అనునాతడు 1902లో కలకత్తాకు వచ్చెను. అప్పటికి మనదేశమున శబ్దగ్రహణమునకు వేఱుగా కట్టిన శాల లేదు. ఒక హోటలు గదులనే ఆతడు శాలగా మార్చెను. ఆ నవంబరులో గౌహర్ జాన్ అచ్చట పెద్ద కొమ్ము నెదుట నిలిచి పాడెను. అప్పటి యంత్రమునకు విద్యుచ్ఛక్తి తోడు లేదు. కంఠబలమే సూదిని కదల్పవలయును. ఒక్క ప్లేటుకు పట్టుకాల మించుమించు మూడు నిమిషములు. పాట చివర నామె తన పేరును ఇంగ్లీషున పలికెడిది. దూరమున జర్మనీ దేశపు హానోవరులో ప్లేట్లు అచ్చొత్తువారికి, పాడినదెవరో తెలియుటకై యీ యేర్పాటు.

గది మర్మమును మొదట తూచి కొలిచినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయుడు సేబిన్. 1895లో అచ్చట క్రొత్తగా కట్టిన యుపన్యాసశాలలో ఒక్క మాట పలికినచో దాని మారుమ్రోత అయిదున్నర సెకండ్ల కాలము నిలిచి, తరువాతి మాటలను మ్రింగివైచుచుండెను. నూతిలోనికి వంగి మాటలాడినవారికి ఈ చిక్కు తెలియును. సేబిన్ వీథులు సద్దుమణిగిన రాత్రివేళ, వేఱొక శాలలోని కుర్చీల మెత్తలను మోయించుకొనివచ్చి, కొన్ని కొన్నిగా పఱచుచు, పిల్లనగ్రోవివంటి గొట్టమునూది, మ్రోత యెంతసేపు నిలుచునో గడియారముతో లెక్కించెను. తెల్లవారులోపల మెత్తలను మరల చేర్పవలసియుండెను. అన్ని మెత్తలును చేరునప్పటికి ఆ మ్రోత ఒక సెకండునకు కొంచె మెక్కువగా మాత్రమే నిలిచెను. గది పెద్దదైనకొలది మ్రోత నిలుచుననియు, మెత్తని వస్తువులు పెరిగినకొలది తగ్గుననియు ఆతడు 1898లో సూత్రము కట్టెను. ఆ సూత్రమునుబట్టియే 1900లో బోస్టను నగరపు సంగీతశాల వెలసెను.

1925 నుండి మైక్రోఫోను వచ్చి, మెల్లగా పలికినదానిని గూడ పట్టసాగెను. కంఠముతోబాటు గదిలోని మ్రోతయు, వీథిలోని రొదయు దానికి చిక్కుచుండెను. అందుచేత గది పాటింపు మునుపటికంటె ముఖ్యమయ్యెను. అయినను ఇది ధనవంతులకే చెల్లునని తలపరాదు. అమెరికాలో గిటారు విద్వాంసుడు లెస్ పాల్ తన యింటి కారుషెడ్డునే శాలగా చేసికొని, ఒక ప్లేటు మ్రోగుచుండగా దానితో కలిపి వాయించి మఱియొక ప్లేటుపై పట్టుచు, ఎనిమిది గిటార్ల పాటను తానొక్కడే కూర్చెను. అది 1948లో వెలువడెను. 1979లో నాలుగు పాయలుగా శబ్దమును పట్టు చిన్న క్యాసెట్టు యంత్రము పుట్టెను. 1982 ఆరంభమున స్ప్రింగ్‌స్టీన్ అను గాయకుడు తన పడకగదిలో దానిపై కొన్ని పాటలు పట్టెను. పిమ్మట గొప్ప శాలలో వాద్యబృందముతో మరల పాడి చూచినను ఆ జీవము రాలేదు. ఇంటి క్యాసెట్టులోని పాటలే ఆ యేట లోకమునకు వచ్చెను.

ఈ చరిత్రనుండి మన యిండ్లకు వలసిన దేమి? తాటాకు కప్పుగల యింట మాట ముద్దగా నుండెడిది. నేటి స్లాబు యింట నున్నని గోడలు మాటను తిరుగగొట్టును. కాన పరుపు, బట్టలు గల చిన్న గదిని ఎన్నుకొనుడు. పలుకువారి యెదుటి గోడకును, వెనుక గోడకును దళసరి బొంతలు వ్రేలాడదీయుడు. గాలిపంకా నాపుడు. ఫోనును నోటికి జానెడు, జానెడున్నర దూరమున, కొంచెము ప్రక్కగా నుంచుడు. దూరము రెట్టింపైనచో సూటిగా వచ్చు శబ్దబలము నాలుగవవంతగును. మ్రోత మాత్రము ఇంచుమించుగా అట్లే యుండును. బొంతలు లోపలి మ్రోతను అణచునేగాని వీథిలోని రొదను ఆపలేవు. దానికి సేబిన్ చూపిన యుపాయమే శరణ్యము: ఊరు నిద్రించిన వేళ పని సాగించుట.

ముందుగా చిన్న పరీక్ష చేయుడు. గది నడుమ నొకసారి చప్పట్లు చఱచి చూడుడు. మ్రోత తోకవలె వెంటవచ్చినచో మఱియొక బొంత కట్టుడు. చప్పుడు అక్కడికక్కడే తెగినచో, మనుమని పిలిచి కూర్చుండబెట్టుకొని, మీకు వచ్చిన పాటలలో ఇతరు లెవ్వరికిని రానిదానిని మొదట పాడుడు.