లూసీ నవ్వుల వేళ ఒక రాజీనామా

1966 ఫిబ్రవరి 10. వియత్నాం యుద్ధంపై అమెరికా సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ ముందు మాజీ దౌత్యవేత్త జార్జ్ కెనన్ సాక్ష్యం చెబుతున్నారు. ఎన్‌బీసీ దాన్ని ప్రత్యక్ష ప్రసారం చేస్తోంది. సీబీఎస్ పెట్టినవాళ్లకు మాత్రం హాస్య ధారావాహిక 'ఐ లవ్ లూసీ' కనిపించింది. అదీ ఎప్పుడో వేసేసిన పాత ఎపిసోడ్! పగటిపూట టీవీ చూసే గృహిణులకు వియత్నాం గొడవ అక్కర్లేదన్నది పైఅధికారి జాన్ ష్నైడర్ వాదన. అయిదు రోజులకు సీబీఎస్ న్యూస్ అధ్యక్షుడు ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా చేసి బయటికి నడిచారు.

వార్త కోసం తెగించడం ఆయనకు కొత్త కాదు. 1915లో న్యూయార్క్‌లో పుట్టి, ప్రావిడెన్స్ నగర రేడియోలో పని నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలోనూ ఉన్నారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు పదార్థాలున్న 'ఫోర్ట్ స్టికిన్' ఓడ పేలి వందలమంది చనిపోయినప్పుడు, సహాయ చర్యల్లో చూపిన సాహసానికి 'సోల్జర్స్ మెడల్' అందుకున్నారు.

యుద్ధం ముగిశాక ప్రసార జర్నలిస్టు ఎడ్వర్డ్ మర్రో జతయ్యారు. తెర మీద మర్రో, తెర వెనుక ఫ్రెండ్లీ. 1951 నవంబర్ 18న సీబీఎస్ కార్యక్రమం 'సీ ఇట్ నౌ' తొలి ప్రసారంలో బ్రూక్లిన్ వంతెననూ, దేశానికి ఆ చివరనున్న గోల్డెన్ గేట్ వంతెననూ ఒకేసారి ప్రత్యక్షంగా చూపించారు. 1954 మార్చి 9న అదే కార్యక్రమంలో, కమ్యూనిస్టు ముద్ర వేసి జనాన్ని వేధిస్తున్న సెనేటర్ మెకార్తీని ఆయన మాటలతోనే నిలదీశారు. ఆ కార్యక్రమానికి ప్రకటన ఇవ్వడానికి సీబీఎస్ ముందుకు రాలేదు. ఇద్దరూ సొంత జేబుల్లోంచి 1,500 డాలర్లు తీసి న్యూయార్క్ టైమ్స్‌లో వేయించారు. ప్రసార రంగంలో ఇచ్చే పీబాడీ అవార్డులు ఎన్ని వచ్చినా, నాకు ఆ 1,500 డాలర్లే పెద్ద బిరుదుగా తోస్తాయి.

1964లో ఫ్రెండ్లీకి సీబీఎస్ న్యూస్ అధ్యక్ష పదవి దక్కింది. రెండేళ్లే నిలిచింది. లూసీ ఎపిసోడ్‌కి ప్రకటనల డబ్బు వస్తుంది, కెనన్ సాక్ష్యానికి రాదు. ఆ లెక్కకు ఆయన తలవంచలేదు.

తర్వాత ఫోర్డ్ ఫౌండేషన్‌లో ఉంటూ లాభాపేక్ష లేని టీవీ కోసం పాటుపడ్డారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం పాఠాలు చెప్పారు. 1998లో కన్నుమూశారు. ప్రసారం ఆగినప్పుడు తెరమీద వేసే 'మా చేతుల్లో లేని కారణాల వల్ల' అన్న క్షమాపణనే తన 1967 పుస్తకానికి పేరుగా పెట్టారు. మన దూరదర్శన్ 'అంతరాయానికి చింతిస్తున్నాం' చూసి పెరిగినవాళ్లకు ఆ పేరులోని బాధ తెలుస్తుంది. మన జర్నలిజం కళాశాలల్లో ఆ పుస్తకాన్ని చదివించాలి.